గాజు పలక మీది చుక్క

నాకు తప్పులు ఏరడం తప్ప వేరే విద్య రాదు. ఇప్పటికీ కోడలు అన్నం వడ్డిస్తే నా కంటికి ముందు మట్టిబెడ్డ కనిపిస్తుంది, ఆ తర్వాతే అన్నం. పెళ్లిచూపులకు వచ్చిన మొదటి పిల్లవాడి చెవులు ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్నాయని అందరి ముందూ అనేసి అమ్మ చేత తిట్లు తిన్నాను. ఆ కన్ను నాకు మార్కాపురం పలకల కార్ఖానాలో అబ్బింది. ఆ కన్ను చూసి చెప్పినదాన్ని నేనే తప్పు కింద జమకట్టి పక్కన పెట్టేసింది ఒకే ఒక్కసారి. అది యాభై ఎనిమిదో సంవత్సరం, మాఘమాసం నుంచి ఉగాది దాకా. నాకు పదిహేడేళ్లు.

మా నాయన రాఘవయ్య, ఉమామహేశ్వర్లు మామ కార్ఖానాలో పలకలు ఏరేవాడు. మామ అంటే అమ్మకు స్వయానా అన్న. గని నుంచి వచ్చిన రాయిని పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేశాక ప్రతి పలకా నాయన ముందుకు రావాలి. రాతిలో ఇత్తడి రంగు మచ్చ ఉంటే బలపం అక్కడ జారుతుంది, పలక కూడా అక్కడే పగులుతుంది. నాయన పలకను వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు, బొటనవేలితో ఒకసారి రుద్దేవాడు, బాగుంటే మూలన సుద్దతో గీత గీసేవాడు. ఆ గీత ఉన్న పలకలను మద్రాసు వ్యాపారులు మళ్లీ విప్పి చూసేవారు కాదు.

అప్పటికి రెండేళ్లుగా మా నాయనకు చూపు లేదు. నీటికాసులని, ఆపరేషన్‌తో వచ్చేది కాదని గుంటూరు డాక్టరు చెప్పాడు. ఈ సంగతి అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇంటి నుంచి కార్ఖానా బల్ల దాకా దారి నాయన కాళ్లకు కంఠతా వచ్చు. నేను అన్నం క్యారియరు తీసుకుపోయే వంకతో వెళ్లి నాయన పక్కన కూర్చుంటే అప్పుడు మొదలయ్యేది ఏరడం. వేలికి అందని మచ్చ నా కంటబడితే బలపంతో బల్ల మీద రెండుసార్లు కొట్టేదాన్ని. బాగుంటే ఒకసారి. నాయన గీత గీసేవాడు.

నాయన కంటే ముందు ఆ పని చేసిన చెన్నయ్యకు కళ్లు మసకబారితే, మామ ఆయన్ని గేటు దగ్గర పెట్టెల్లో గడ్డి కూరే పనికి కూర్చోబెట్టాడు. వచ్చేపోయేవాళ్లు ఆయన ముఖం ముందు చెయ్యి ఆడించి "చెన్నయ్యా, ఇవి ఎన్ని వేళ్లు?" అని నవ్వుకునేవారు. నాయనకు ఆ వేళ్లంటే భయం. రాత్రి నిద్రలో కూడా "రెండు, రెండు" అని పలవరించేవాడని అమ్మ చెప్పింది.

ఆ మాఘంలో సంజీవరావు అనే ఆయన హైదరాబాదు నుంచి కార్ఖానాకు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, నిద్ర చాలని కళ్లు. దూరదర్శిని నిలబెట్టడానికి చదునైన రాతిబండ కావాలన్నాడు. మా కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు పోయి ఏడాదిన్నర కూడా కాలేదు, మామ కడుపు ఇంకా మండుతూనే ఉంది.

"రాజధానిని ఎత్తుకపోయినారు. ఇప్పుడు ఆకాశం గూడా ఎత్తుకపోను వచ్చినారా ఏంది?" అన్నాడు.

ఆయన నవ్వేసి, బండ సంగతి వదిలేసి, నాయన ఏరుతుంటే గంటసేపు చూస్తూ నిలబడ్డాడు. నేను బలపంతో కొడుతూనే ఉన్నాను. పిల్ల ఊసుపోక కొడుతోంది అనుకున్నట్టున్నాడు.

"నాకు ఇలాంటి కన్ను రెండు నెలలపాటు కావాలి" అన్నాడు మామతో. "గిద్దలూరులో. గాజు ప్లేట్లు ఏరాలి."

"మా బావకున్న కన్ను జిల్లాలోనే లేదు. తీసుకపోండి" అన్నాడు మామ, తనే దానం చేస్తున్నట్టు.

వద్దనడానికి నాయనకు ఒక్క కారణం కూడా లేదు, అసలు కారణం తప్ప. ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. అమ్మ మాత్రం నన్ను చూపించి రెండు నిమిషాల్లో తేల్చేసింది. "వంటకని చెప్పి రాజ్యాన్ని తీసుకపో. అది చూస్తాది, నువ్వు తలకాయ ఊపు." మా అమ్మ లక్ష్మీదేవమ్మ ఏ కష్టాన్నయినా అలాగే మడిచి పెట్టేది.

*

గిద్దలూరు స్టేషను వెనక ధాన్యం కొట్టు పైన మాకు ఒక గది ఇచ్చారు. తూర్పు కిటికీకి గరుకు అద్దం బిగించి కింద బల్ల వేశారు. సంజీవరావు సారు గుడారం దిగువమెట్ట దగ్గర అడవిలో కొండ మీద ఉంది. పెద్ద దూరదర్శిని పెట్టడానికి ఎక్కడి ఆకాశం మంచిదో వెతుకుతున్నారట, ఈ కొండ పనికొస్తుందో లేదో తేల్చడం ఆయన పని. రాత్రంతా చిన్న దూరదర్శినికి కెమెరా బిగించి ఆకాశాన్ని గాజు పలకల మీదికి దించేవాడు. తెల్లవారేసరికి వాటిని మందునీళ్లలో కడిగి ఆరబెట్టి పడుకునేవాడు. చిన్నమల్లయ్య అనే చెంచు మనిషి ఆ పెట్టెను నెత్తిన పెట్టుకుని ఏడు మైళ్లు నడిచి మా మెట్లెక్కేవాడు.

"ఇదేం నౌకరీనో శెట్టీ" అనేవాడు నాయనతో, పెట్టె దించుతూ. "రాత్రంతా మేలుకుంటాడు, పగలంతా పండుకుంటాడు. మా గూడెంలో అట్ల చేస్తే దయ్యం పట్టిందని వేపమండలు తెస్తారు."

పని సులువే. నక్షత్రాలు గుండ్రంగా చుక్కల్లా పడితే ఆ రాత్రి గాలి నిలకడగా ఉందని, ఆ పలక మంచి పెట్టెలోకి. చుక్కలు సాగితే చెడ్డ పెట్టెలోకి. గాజులోనే మచ్చో గీతో ఉంటే అదీ చెడ్డ పెట్టెలోకే. మెరుపు లేని వైపు మందు పూసి ఉంటుందని, ఆ వైపు మాత్రం చెయ్యి తగలకూడదని సారు రెండుసార్లు చెప్పాడు. వారానికి ఒకసారి, బుధవారం, తను కిందికి దిగి పెట్టెలు చూసుకునేవాడు.

నేను పలకను అంచులు పట్టుకుని కిటికీకి ఆనించేదాన్ని. అందులో లోకం తిరగబడి ఉండేది. ఆకాశం తెల్లన, నక్షత్రాలు నల్లన. ఊరంతా పగలు పని చేసుకుంటుంటే నేను పగటి వెలుతురులో రాత్రిని చూస్తూ కూర్చునేదాన్ని. కింద కొట్టులోంచి వడ్ల దుమ్ము వాసన వచ్చేది. గూడ్సుబండి పోతే కిటికీ అదిరి, నక్షత్రాలన్నీ ఒక్కసారి వణికి మళ్లీ సర్దుకునేవి. నాయన పక్కన గోడకు ఆనుకుని, ఎండ పడే వైపు ముఖం పెట్టి కూర్చునేవాడు. మధ్యాహ్నాలు ఎంత మెత్తగా ఉండేవంటే నాకు నిద్రలో ఉన్నానో మేలుకున్నానో తెలిసేది కాదు. అంత సుఖం నా జీవితంలో తర్వాత ఎప్పుడూ లేదని చెప్పడానికి సిగ్గుపడను.

సారు రోజూ అవే ఏడు చోట్లను తీసేవాడు. వాటిలో నాకు ఇష్టమైంది సప్తర్షుల తోక కింద ఉన్న సుడి. చింతగింజ అంత ఉండేది. భూతద్దం పెడితే మధ్యలో ఒక ముద్ద, దాని చుట్టూ రెండు చేతులు మెలి తిరిగి కనిపించేవి. కవ్వం ఆపాక కూడా కుండలో మజ్జిగ నురగ తిరుగుతుందే, అలా ఉండేది. అది కోటానుకోట్ల నక్షత్రాల గుంపని, మనమూ అలాంటి సుడిలోనే ఒక పక్కన ఉన్నామని ఒక బుధవారం సారు చెప్పాడు.

"గిద్దలూరు గూడానా సార్?"

"గిద్దలూరు కూడా."

కాసేపటికి నాయన "కురిచేడు?" అన్నాడు, ప్యాసింజరు తప్ప ఏ బండీ ఆగని స్టేషను పేరు పట్టుకుని. గదిలో అందరం నవ్వాం.

మా గుట్టు మొదట కనిపెట్టింది చిన్నమల్లయ్య. రెండో వారం నుంచి మెట్ల మీదే దగ్గి, "నేను, మల్లయ్యను" అని చెప్పి మరీ లోపలికి వచ్చేవాడు. నీళ్ల చెంబు నాయన చేతికి తగిలేలా పెట్టేవాడు. నేను భయపడి అతని వైపు చూస్తే, "నాకెందుకమ్మా, నేను మోసేటోణ్ణి" అని వెళ్లిపోయేవాడు.

*

శివరాత్రి దాటాక వచ్చిన గురువారం, పలకలు పూర్తిగా ఆరకుండానే వచ్చాయి. రాత్రి మంచు పడిందట. సుడి ఉన్న పలకను కిటికీకి పెట్టాను. మెలి తిరిగిన చేతుల్లో ఒకదాని చివర ఒక నల్లచుక్క ఉంది. ముందురోజు లేదు. అంతకు ముందు మూడు వారాల్లో ఎప్పుడూ లేదు.

"నాయనా, సుడి మీద మచ్చ ఉంది."

"ఎట్లుంది?"

"గుండ్రంగా, చిన్నగా. నిన్నటి దాంట్లో లేదు."

"లేచినట్టు ఉందా, లోపలుందా?"

"తెలీడం లేదు."

నాయన చెయ్యి చాపాడు. కార్ఖానాలో నాకు తెలియడం లేదంటే తర్వాత జరిగేది అదే. ఆయన బొటనవేలు పలక మీదికి వచ్చింది. మందు వైపు. నేను ఆపాల్సింది. ఆ చేతిని ఆపడం నాకు చేతకాలేదు, ఎందుకంటే రెండేళ్లుగా మా ఇల్లు ఆ వేలి మీదే నిలబడి ఉంది. వేలు నెమ్మదిగా రుద్దుకుంటూ సుడి మీదుగా పోయింది.

"ఏం తగల్లేదు" అన్నాడు నాయన. "వేలికి తగల్లేదంటే రాయి లోపలుండే మచ్చ. అది అన్నిటికంటే చెడ్డది. పక్కన పెట్టు."

ఆయన వేలు తీశాక తడి మందు మీద గీతలు గీతలుగా ముద్ర మిగిలింది. సుడి సగం దాని కింద ఉంది. నాయనకు చెప్పలేదు. పలకను చెడ్డ పెట్టెలో అన్నిటికన్నా అడుగున పెట్టేశాను.

శుక్రవారం మబ్బు. శనివారం వచ్చిన పలకలో అదే చోట మళ్లీ చుక్క ఉంది, కొంచెం పెద్దది. దాన్నీ చెడ్డ పెట్టెలో వేశాను. తప్పు కనిపిస్తే తప్పుల్లో వేయడం నాకు వచ్చిన పని, చేతులు వాటంతట అవే చేసేశాయి. ఆదివారం మళ్లీ మబ్బు. సోమవారం పలకలో ఆ చుక్క సుడి మధ్యనున్న ముద్ద కంటే నల్లగా ఉంది. ఆ పూట అన్నం దగ్గర అడిగేశాను.

"నాయనా, మూడు రాళ్లలో ఒకే చోట మచ్చ పడుతుందా?"

నాయన చేతిలో ముద్ద ఆగింది. "పడదు."

"పోనీ, రోజురోజుకూ పెరుగుతుందా?"

"రాతిలో మచ్చ పెరగడమేంది?" అన్నాడు. ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "అయితే అది మచ్చ కాదు రాజ్యం. ఆకాశంలోనే ఏదో అయింది" అన్నాడు.

"సారుకు కబురు పంపుదాం. రేపు మల్లయ్యతో చెప్పి పంపితే చాలు."

"చెప్పితే మొదటి పలక తెమ్మంటాడు. దాని మీద..." అని ఆగాడు. "ఆరోజు పలక తడిగా ఉండాది. నా వేలికి అంటింది. నాకు తెలుసు."

నేను ఏడ్చాను. ఆయన ఊరుకోబెట్టలేదు. "చూపున్నోడు మందు వైపు వేలు పెట్టడు. అది చూస్తే సారుకు అర్థమైపోతాది. సారుకు తెలిస్తే మీ మామకు తెలుస్తాది. బుధవారం ఎట్లాగూ ఆయనే వస్తాడు గదా. చూద్దాం."

అలా మంగళవారం చిన్నమల్లయ్య వచ్చి పెట్టె దించి పోయాడు, నేను నోరు విప్పలేదు. ఆ రెండు రోజులు మేమిద్దరం కలిసి పోగొట్టాం. ఇందులో ఎవరి మీదికీ నెట్టను.

*

బుధవారం పొద్దున బండికి అనుకోకుండా మామ దిగాడు. గవర్నమెంటు పని ఎట్లుంటుందో చూసి పోదామని వచ్చానన్నాడు. అమ్మ పంపిన పప్పుచెక్కల డబ్బా నా చేతిలో పెట్టి, మా గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. మధ్యాహ్నం సారు దిగాడు, వెనకే పెట్టెతో చిన్నమల్లయ్య. సారు మంచి పెట్టె తెరవబోతుంటే నాకు ఇక ఆగలేదు. సోమవారం పలక తీసి ఆయన ముందు కిటికీకి ఆనించాను.

"సార్, ఇది చూడండి. సుడి."

ఆయన భూతద్దం పెట్టాడు. కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకుని మళ్లీ చూశాడు. లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు.

"నక్షత్రం పేలిపోయింది. సూపర్‌నోవా అంటారు. చచ్చిపోయే ముందు ఒక్క నక్షత్రం, ఆ మొత్తం సుడికున్నంత వెలుగునిస్తుంది. అమ్మాయీ, ఎప్పటి నుంచి ఉంది ఇది?"

"శనివారం దాంట్లో గూడా ఉంది సార్."

"గురువారం?"

"ఆ పలక పగిలిపోయింది సార్."

ఆ అబద్ధం నేను ముందుగా అనుకున్నది కాదు. నాయన మీదికి ఏదో వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టినట్టు వచ్చేసింది. సారు నెత్తి పట్టుకున్నాడు. మొదటి రోజు ప్లేటే ప్రాణం అన్నాడు. ఎంత వెలుగుతో మొదలైందో, ఎంత వేగంగా పెరిగిందో అది చెప్తుందన్నాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగాడు.

"మల్లయ్యా, నువ్వు పడేశావా?"

"నేనేం పడెయ్యలేదు దొరా."

"మరి ఎలా పగిలింది? ఏడు మైళ్లు మోసుకొచ్చేది నువ్వే కదా?"

"ఈళ్లకు గాజు అప్పజెప్పేదేంది సార్?" అన్నాడు మామ కుర్చీలోంచి. "రేపటి నుంచి వేరే మనిషిని పెట్టుకోండి."

చిన్నమల్లయ్య నా వైపు చూడలేదు. తల వంచుకుని తన కాళ్ల కింద మెట్టును చూస్తున్నాడు. అప్పుడు గోడ దగ్గర నుంచి నాయన మాట్లాడాడు, బండి ఎన్నింటికని అడిగితే చెప్పినట్టు.

"పలక పగల్లేదు సార్. మల్లయ్య తప్పేం లేదు. చెడ్డ పెట్టెలో అడుగున ఉండాది. దాని మీద నా వేలు పడింది. నాకు చూపు లేదు, రెండేండ్లయింది. చూసేదంతా నా బిడ్డే. రాజ్యం, తీసియ్యమ్మా."

నేను పెట్టె దగ్గరికి పోతుంటే మామ లేవడం కనిపించింది. ఆయన చెయ్యి పైకి లేచింది. వేళ్లు చాపి నాయన ముఖం ముందుకు తీసుకుపోయాడు. అక్కడ ఆగిపోయి, ఆ చేత్తోనే మీసం సర్దుకుని మళ్లీ కూర్చున్నాడు. మామ చేసినవాటిలో నేను ఈ జన్మలో క్షమించలేనివి చాలా ఉన్నాయి, కానీ ఆ చెయ్యి దించుకున్నందుకు ఆయనకు రోజూ దండం పెడతాను.

సారు మొదటి పలకను చాలాసేపు చూశాడు. వేలిముద్ర గీతల మధ్య చుక్క ఉందన్నాడు. ఉందని చెప్పొచ్చు, ఎంత వెలుగుందో మాత్రం కొలవలేమన్నాడు.

"తుడిస్తే?" అన్నాను.

"తుడిస్తే రెండూ పోతాయి." నాయన వైపు తిరిగాడు. "తప్పు నాది కూడా రాఘవయ్యగారూ. గాలి సంగతే చూడమన్నాను. కొత్త చుక్క కనపడితే చెప్పమని నేను అనలేదు. అలాంటిది నాకు దొరుకుతుందని అనుకోలేదు." తర్వాత గుమ్మం వైపు చూశాడు. "మల్లయ్యా, పొరపాటున అన్నాను."

"సరే దొరా" అన్నాడు చిన్నమల్లయ్య, అంతకు మించి ఏమీ ఇవ్వకుండా.

"సార్, ఆ నక్షత్రం ఇప్పుడు అక్కడ ఉండాదా?" అని అడిగాడు నాయన.

"లేదండీ. ఆ వెలుగు బయల్దేరి రెండు కోట్ల ఏళ్లయింది. మనకు ఇప్పుడు అందింది."

నాయన తల ఊపాడు. ఎందుకో ఆ మాట ఆయనకు కొత్తగా ఉన్నట్టు లేదు.

సారు పోస్టాఫీసుకు పరిగెత్తి హైదరాబాదుకు తంతి ఇచ్చాడు. జవాబు వారం తర్వాత వచ్చింది. ఏదో దూరదేశంలో ఎవరో సోమవారమే దాన్ని చూసి లోకానికి చెప్పేశారట. శనివారం నేను నోరు తెరిచి ఉంటే సారు పేరు ముందుండేది. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మనది గురువారం. అది కూడా రాస్తారు, కింద, చిన్న అక్షరాలతో" అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

*

ఆ బుధవారం సాయంత్రమే మామ బండికి వెళ్లిపోయాడు. ప్లాట్‌ఫారం మీద నాయన, నేను పక్కన నిలబడ్డాం. మామ పట్టాల వైపు చూస్తూ అడిగాడు.

"ఉగాది తర్వాత పలకల దగ్గర ఎవరు కూర్చుంటారు బావా?"

"రాజ్యం కూర్చుంటాది."

"ఆడపిల్ల గీత గీసిన పలకలు మద్రాసు పోతాయా?"

"రెండేండ్ల నుంచీ పోతానే ఉండాయి బావా" అన్నాడు నాయన.

మామ కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. బండి వచ్చింది, ఎక్కేశాడు. కదులుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి, "చెక్కలు మెత్తబడక ముందే తినండి!" అని అరిచాడు. అది ఒప్పుకున్నట్టేనని నాయన అన్నాడు.

ఆ తర్వాత నెలరోజులు పని మామూలుగా సాగింది. చుక్క ఇంకో వారం పెరిగి, తర్వాత రోజుకింత తగ్గుతూ వచ్చింది. చిన్నమల్లయ్య నాతో పదిహేను రోజులు మాట్లాడలేదు. పెట్టె దించి పోయేవాడు. ఒకరోజు నేనే మెట్ల మీద అడ్డం నిలబడి, "తప్పు నాదే మల్లయ్య మామా, నన్ను తిట్టు" అన్నాను. "తిట్టడానికి ఏడు మైళ్లు రావాల్నా?" అని, నడుముకు కట్టుకున్న గుడ్డలోంచి అడవిలో ఏరిన తునికిపండ్లు తీసి ఇచ్చాడు.

మారింది నాయన. అంతకు ముందు అడిగితే దొరికిపోతానని, ఏమీ అడిగేవాడు కాదు. ఇప్పుడు ఊరికే ఉండనిచ్చేవాడు కాదు. కిటికీలోంచి ఏం కనపడుతోంది? స్టేషను మాస్టరు లావా సన్నమా? సుడి ఏ వైపుకు తిరిగినట్టుంది? ఈ రోజు చుక్క ఎంతుంది, ఆవగింజంతా, నువ్వుగింజంతా? నేను విసుక్కుంటూ చెప్పేదాన్ని, విసుక్కోవడం కూడా బాగుండేది. ఉగాదికి రెండు రోజుల ముందు పలకలో చుక్క నాకే భూతద్దంతో కష్టంగా అందింది. ఆ పూటే సారు పెట్టెలన్నీ సర్దించాడు.

తిరుగు ప్రయాణంలో బండి కంభం దాటాక నాయన నా వైపు తిరిగాడు.

"రాజ్యం, నువ్వు ఇప్పుడెట్లుండావు?"

"బాగానే ఉన్నాను నాయనా."

"అది కాదు. నా లెక్కలో నీకింకా పదిహేనేండ్లే. రెండు జడలేసుకుని ఉంటావు."

వెంట్రుకవాసి తేడా పట్టే దాన్ని, నా ముఖం ఎలా ఉంటుందో చెప్పడం రాలేదు. "ఒక్క జడే వేసుకుంటున్నాను. అమ్మ పోలిక వచ్చిందంటున్నారు" అన్నాను.

"మీ అమ్మ పోలికంటే? మీ అమ్మ ఇప్పుడెట్లుందో నాకేం తెలుసు? నల్లగా నిగనిగలాడే కొప్పు, దాంట్లో చామంతులు. అదే నాకు గుర్తుండేది."

నేను కిటికీ వైపు చూశాను. చెప్పకుండా ఉండొచ్చు. కానీ ఆ నెలరోజులు నేను ఆయనకు అబద్ధం చెప్పలేదు.

"అమ్మ జుట్టు నెరిసిపోయింది నాయనా. పాపిట దగ్గర నుంచి మొత్తం. గుంటూరు నుంచి వచ్చిన ఆరు నెలల్లోనే."

తర్లుపాడు వచ్చింది, పోయింది. నాయన చేతికర్ర రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"ఎవరూ చెప్పలేదే" అన్నాడు చివరికి.

"నువ్వు అడగలేదు కదా నాయనా."

ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. మామ చెప్పిన సంగతులన్నీ ఆమెకు తెలిసే ఉంటాయి, ముఖంలో ఏమీ పెట్టుకోలేదు. కాళ్లకు నీళ్లిచ్చింది. నాయన కాళ్లు కడుక్కోలేదు. చెంబు పట్టుకుని అమ్మ గొంతు వచ్చిన వైపు ముఖం పెట్టాడు.

"లక్ష్మీదేవీ, తల నెరిసిందంటనే."

అమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది. తర్వాత, చూపు లేని మా నాయన ముందు, గబగబా కొంగు తీసి తల మీదికి లాక్కుంది.